వరద ముంచిన ఊళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

2020 ఆగస్టు, 2022 జూలై, 2023 జూలై, 2024 సెప్టెంబర్, 2025 అక్టోబర్. ఉమ్మడి వరంగల్‌లో మునిగిన ఊరు ప్రతిసారీ వేరే, జనం అడిగే సందేహాలు మాత్రం అవే. అందుకే ఒకచోట పెట్టాం. వరద ఒక్క రాత్రిలో వచ్చి పోతుంది. కుటుంబాలు చితికిపోయేది ఆ తర్వాతి పది పదిహేను రోజుల్లో: తడి మోటర్ ఆన్ చేసి, బాయి నీళ్లు అలాగే తాగి, నష్టం లెక్కలో పేరు ఎక్కక. జవాబులు ఎక్కువగా ఆ రోజుల గురించే. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

## వాన ముదరక ముందు

రెడ్ అలర్ట్ అంటరు, చాలాసార్లు ఏం కాదు. నమ్మాల్నా?

నమ్మాలి. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు పడితే భారీ వాన, 204.4 దాకా అతి భారీ, ఆపైన అత్యంత భారీ. రెడ్ అలర్ట్ ఆ చివరి మెట్టు గురించి. ఆ మెట్టుకు పై హద్దు లేదు. 2023 జూలై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు పడింది. ఎకరానికి సుమారు 26 లక్షల లీటర్లు కుమ్మరించినట్టు.

ఇంకోటి: మీ ఊళ్లో వాన తెరిపి ఇచ్చిందని నిమ్మళంగా పడుకోవద్దు. మీ వాగు ఏ మండలాల నుంచి వస్తుందో అక్కడి వాన చూడాలి. పైన పడ్డ నీళ్లు మీ దగ్గరికి వచ్చేసరికి కొన్ని గంటలు పడుతుంది, చాలాసార్లు అది అర్ధరాత్రి అవుతుంది. పై ఊళ్లో ఇద్దరి ఫోన్ నంబర్లు ఉంటే అంతకు మించిన హెచ్చరిక లేదు.

చెరువు మత్తడి దుంకుతుంది. కట్ట తెగుతదా?

మత్తడి దుంకడం ప్రమాదం కాదు, ఎక్కువైన నీళ్లు పోవడానికే దాన్ని కట్టారు. ప్రమాదం మత్తడి సరిగా పారనప్పుడు. చేపలు పోకుండా కట్టిన వలలు, అడ్డం పెట్టిన తుమ్మ కంప, ఇంకో అడుగు నీళ్లు ఆగాలని పేర్చిన ఇసుక బస్తాలు: వీటన్నిటినీ వానాకాలం మొదట్లోనే తీసేయాలి. పారే దారి మూస్తే నీళ్లు కట్ట మీదుగా పొర్లుతాయి. మట్టి కట్ట పైనుంచి పారే నీళ్లను ఎక్కువసేపు ఓర్చుకోలేదు.

కట్ట వెనక అడుగున ఊట కనిపిస్తే నీళ్ల రంగు చూడండి. తేటగా వస్తే గమనిస్తూ ఉండాలి. బురదగా వస్తే లోపలి మట్టి కొట్టుకొస్తోందని అర్థం, బుంగ పెద్దదవుతోంది. అప్పుడు చాలామంది చేసే తప్పు, బయటకొచ్చే చోట బంకమట్టి కుక్కడం. నీళ్లు పక్కనుంచి ఇంకో దారి చూసుకుంటాయి. ఊట చుట్టూ ఇసుక బస్తాలతో గుండ్రంగా గట్టు కట్టి అందులో నీటి మట్టం పెరగనివ్వాలి, మట్టి కొట్టుకురావడం తగ్గుతుంది. మూసేది చెరువు లోపలి వైపు నుంచి. బస్తాలు పేర్చేవాళ్లు పేరుస్తుండగానే ఇంకొకరు సాగునీటి శాఖ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు), కింది చెరువు ఊళ్లకు ఫోన్ చేయాలి. కాకతీయుల నాటి నుంచి మన చెరువులు గొలుసుకట్టు. పైది తెగితే ఆ దెబ్బ కింద చెరువు మీద పడుతుంది.

గోదావరి ఒడ్డున ఉంటం. భద్రాచలం హెచ్చరిక చూస్తే సరిపోతదా?

భద్రాచలంలో 43 అడుగులకు మొదటి, 48కి రెండో, 53కి మూడో ప్రమాద హెచ్చరిక. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. కానీ ఏటూరునాగారం, మంగపేట, వాజేడు భద్రాచలానికి ఎగువన ఉన్నాయి. నది ముందు మిమ్మల్ని దాటాకే అక్కడికి పోతుంది. మీరు చూడాల్సింది మేడిగడ్డ నుంచి ఎన్ని లక్షల క్యూసెక్కులు వదులుతున్నారు, రామన్నగూడెం దగ్గర నీటిమట్టం ఎంత అనేది. నది నిండుగా ఉంటే వాగుల నీళ్లు అందులో కలవలేక వెనక్కి తంతాయి. అప్పుడు మీ వాగు మీద చిన్న వాన పడ్డా ఊళ్లోకి నీళ్లొస్తాయి.

ముందుగాల ఏం సర్ది పెట్టుకోవాలె?

ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం, రేషన్ కార్డు, పిల్లల పదో తరగతి మెమోలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి బిగించండి. వాటి ఫొటోలు ఊళ్లో లేని చుట్టానికి కూడా వాట్సాప్‌లో పంపండి, ఫోన్ మునిగితే అవే దిక్కు. బీపీ, షుగర్, ఫిట్స్ మందులు పది రోజులకు సరిపడా, టార్చిలైటు, నిండా చార్జింగ్ ఉన్న ఫోన్. తొమ్మిదో నెల గర్భిణిని వాగు ఇవతల, ఆసుపత్రికి దారి ఉన్న ఊరికి ముందే చేర్చండి. ఏజెన్సీ గూడేలకు ఇది చాలా ముఖ్యం.

## నీళ్లు వచ్చినప్పుడు

లోలెవల్ బ్రిడ్జి మీద మోకాలు లోతే ఉంది, బండి మీద దాటొచ్చా?

దాటొద్దు. పారే నీళ్లు అర అడుగు ఉన్నా మనిషి కాళ్లు తప్పుతాయి. అడుగు లోతులో బైకు నిలవదు, రెండడుగుల్లో కారు తేలిపోతుంది. పైగా అడుగున రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో బురద నీళ్లలో తెలియదు. "రోజూ పోయే తొవ్వే కదా" అన్న ధీమాతోనే చాలామంది పోయారు. కాజ్‌వే రెండు వైపులా ట్రాక్టర్ అడ్డం పెట్టి, మనిషిని కాపలా ఉంచడం పంచాయతీ చేయగలిగిన అతి చవకైన, అతి విలువైన పని.

ఇంట్లోకి నీళ్లొస్తున్నయి. ఎటు పోవాలె?

నడుము లోతు రాకముందే, వెలుతురు ఉండగానే బడికో గ్రామ పంచాయతీ భవనానికో వెళ్లండి. బయటికి వచ్చే ముందు చెప్పులేసుకుని, పొడి చేత్తో మెయిన్ స్విచ్ ఆపండి, గ్యాస్ రెగ్యులేటర్ తీసేయండి. స్విచ్ బోర్డు దాకా నీళ్లొచ్చి ఉంటే దాని జోలికి పోవద్దు, లైన్‌మన్‌కో, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కో ఫోన్ చేసి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే ఆపించాలి.

దారి మూసుకుపోతే డాబా ఎక్కండి. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిలో 2023 జూలై 27న హెలికాప్టర్లు, పడవలు వచ్చేదాకా జనం ప్రాణాలు దక్కించుకున్నది అలాగే. పెంకుటింటి కప్పు మీద, మట్టి గోడ మీద నమ్మకం పెట్టుకోవద్దు. 112కు చెప్పేటప్పుడు ఊరు, మండలం, ఎంతమంది, ముసలివాళ్లు చిన్నపిల్లలు ఎందరు, పక్కన ఏ గుడో ట్యాంకో ఉంది, ఇవి చెప్పండి. జిల్లా కంట్రోల్ రూం 1077.

బర్లు, గొర్లు ఎట్ల?

పలుపు విప్పేయండి. కొట్టంలో చచ్చిపోయే పశువుల్లో ఎక్కువ కట్టేసి ఉన్నవే. విప్పితే బర్రె ఈదుకుంటూ మెరక చేరుతుంది. గొర్రెలు అలా బతకలేవు, ఉన్ని తడిసి బరువెక్కి మునుగుతాయి. మందను సాయంత్రమే మెరకకు తోలాలి, వాగు ఒడ్డున దొడ్డి పెట్టకూడదు. పశువుల చెవికి వేసిన పోగుల నంబర్లు ఫొటో తీసి పెట్టుకోండి.

పాము కరిస్తే?

కరిచిన కాలో చెయ్యో కదలకుండా పెట్టి, 108లో యాంటీవెనం (పాము విషానికి విరుగుడు మందు) ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. గట్టిగా కట్టు కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం మూడూ కీడే చేస్తాయి. పామును పట్టి తేవాల్సిన పని లేదు. మన దగ్గరి నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే మందు. కట్లపాము రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి, వాపు పెద్దగా ఉండవు. తెల్లారి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం కనిపిస్తే గాటు కోసం వెతుకుతూ కూర్చోకండి.

## నీళ్లు తగ్గాక, ఇంట్లో

వాన వెలిసింది. మట్టి గోడల ఇంట్లోకి పోవచ్చా?

వెంటనే వద్దు. నానిన మట్టి గోడ వానలో నిలబడి ఎండ కాశాక కూలడం తరచూ చూస్తాం. అడుగు భాగం మెత్తబడి పై బరువు మోయలేకపోతుంది. బయట నిలబడి గోడ ఉబ్బిందా, మూలలు విడిచాయా, దూలం కిందికి దిగిందా చూడండి. అడుగున కర్రతో పొడిస్తే దిగబడితే ఆ ఇంట్లో పడుకోవద్దు, గోడ ఎత్తంత దూరంలో మంచం కూడా వేయొద్దు. పక్కింటి గోడ సంగతీ చూడండి.

బురద ఎప్పుడు తీయాలె?

ముందు ఫొటోలు. గోడ మీద నీటి గీత, కూలిన చోటు, తడిసిన బియ్యం బస్తాలు, పాడైన మోటర్, ఒక్కో ఫొటోలో ఇంటి మనిషి, ఇంటి నంబరు కనిపించేలా. శుభ్రం చేశాక వచ్చిన అధికారికి నష్టం కనిపించదు. ఇది చేయక నష్టపోయినవాళ్లు ఎందరో.

తర్వాత ఆలస్యం చేయొద్దు. తడి బురద పారతో వస్తుంది, ఎండితే గడ్డపార కావాలి. బూట్లు, చేతి తొడుగులు వేసుకుని, మూలల్లో ముందు కర్రతో కదిపి తీయండి. కడిగాక లీటరు నీటికి 30 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి నేల తుడవండి. బ్లీచింగ్‌ను బాత్రూం యాసిడ్‌తో కలపకూడదు, వచ్చే వాయువు ఊపిరితిత్తులను కాలుస్తుంది.

బాయి మునిగింది. నీళ్లు ఎప్పుడు తాగొచ్చు, బ్లీచింగ్ ఎంత వేయాలె?

రెండు గుప్పెళ్లు చల్లి అయిపోయిందనుకుంటే లాభం లేదు. బురద నీళ్లలో బ్లీచింగ్ పనిచేయదు, దాని శక్తి మట్టికే ఖర్చయిపోతుంది. ముందు మోటర్‌తో మురికి నీళ్లు తోడాలి, అయితే ఒకేసారి ఖాళీ చేయొద్దు. చుట్టూ నేల నీళ్లతో నిండి ఉంది కాబట్టి లోపల ఖాళీ అయితే ఆ ఒత్తిడికి గోడ కూలుతుంది, రాతికట్టు లేని బావులైతే మరీ. సగం తోడి, ఊరనిచ్చి, మళ్లీ తోడండి. బాయిలోకి మనిషిని దించొద్దు, అడుగున గాలి ఆడక ప్రాణం పోతుంది.

నీళ్లు తేటపడ్డాక లెక్క. బాయి వెడల్పును వెడల్పుతో గుణించి, దాన్ని నీటి లోతుతో, తర్వాత 0.785తో గుణించండి. కొలతలు మీటర్లలో తీస్తే వచ్చేది ఘనపు మీటర్లు, ఒక్కోటి వెయ్యి లీటర్లు. మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల నీళ్లు ఉంటే సుమారు 28 వేల లీటర్లు. మామూలు మోతాదు వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు, అంటే ఈ బాయికి 70 గ్రాములు. వరద తర్వాత మొదటిసారి దానికి రెట్టింపు వేసి, రాత్రంతా ఉంచి, తెల్లారి కొంత తోడి పారబోసి, ఆ తర్వాత మామూలు మోతాదుకు రండి.

పొడిని నేరుగా వేయొద్దు. బకెట్లో కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, నీళ్లు నింపి, పది నిమిషాలు ఆగితే సున్నం అడుగుకు దిగుతుంది. పైతేటను ఇంకో బకెట్లోకి ఒంపి, తాడు కట్టి నీళ్లలో ముంచి కిందికీ మీదికీ ఆడించాలి. మామూలు మోతాదు వేసినప్పుడు కనీసం గంట ఆగాక తోడుకోవచ్చు. సంచి విప్పి నెలలు గడిచిన పౌడర్‌లో క్లోరిన్ ఉండదు. ఘాటు వాసన రాకపోతే అది ఉత్త సున్నమే. ఈ పని పూర్తయి, ఆరోగ్య కార్యకర్త క్లోరిన్ పరీక్ష చేసి చెప్పేదాకా తాగే నీళ్లు కళపెళా మరిగించి చల్లార్చుకోండి. బురద నీళ్లే దిక్కైతే బట్టలో వడగట్టి మరిగించాలి.

బైకు, ఫ్రిజ్, బోరు మోటర్ మునిగినయి. ఎండినట్టే ఉన్నయి, ఆన్ చేయొచ్చా?

చేయొద్దు. పైన ఎండినా వైండింగ్ లోపల తడి ఉంటుంది. ఆన్ చేసిన క్షణంలో కాలితే, వందల్లో అయ్యే ఖర్చు రీవైండింగ్ దాకా పోతుంది. మోటర్ విప్పించి, బేరింగుల్లో ఒండ్రు కడిగించి, ఆరబెట్టి, మెగ్గర్‌తో (వైండింగ్‌లో తడి, లీకేజీ చూసే మీటరుతో) చూపించాకే కరెంటు ఇవ్వాలి. స్టార్టర్ డబ్బా కూడా విప్పి చూడాలి, షాకులు ఎక్కువగా అక్కడే.

బైకు, ట్రాక్టర్ కిక్ కొట్టొద్దు, సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండర్‌లోకి నీళ్లు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇంజిన్ ఆయిల్ చాయ్ రంగులోకి మారితే నీళ్లు కలిసినట్టే. బీమా ఉంటే ముందు కంపెనీకి చెప్పండి, మునిగిన బండిని స్టార్ట్ చేస్తే ఇంజిన్ క్లెయిం కొట్టేస్తారు.

తడిసిన బియ్యం ఎండబెట్టి తినొచ్చా?

వరద నీళ్లు తగిలితే వద్దు. మన దగ్గర ఇళ్లలోనే పత్తి మందుల డబ్బాలు ఉంటాయి, ఆ నీళ్లలో ఏముందో చెప్పలేం. బూజు పట్టినవి పశువులకూ పెట్టొద్దు, ఆ విషం పాలల్లోకి వస్తుంది. సీలు ఊడని డబ్బాలు కడిగి వాడుకోవచ్చు.

తర్వాత ఏ రోగాలు వస్తయి?

మొదటి వారం వాంతులు, విరేచనాలు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి, సగం సగం కలిపితే పాళ్లు తప్పుతాయి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. రెండో వారం నుంచి డెంగీ, మలేరియా. టైర్లు, పగిలిన కుండలు, కొబ్బరి చిప్పల్లో నీళ్లు వారానికోసారి ఒంపేయాలి. బురదలో పనిచేశాక జ్వరం, పిక్కల నొప్పి, కళ్లెర్రబడడం ఉంటే ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ కావచ్చు. డాక్టరుకు "బురదలో పని చేసిన" అని మీరే చెప్పండి.

కాగితాలు తడిసి అంటుకున్నయి.

ఊడబెరకొద్దు, ఎండలో పెట్టొద్దు. నీడలో, ఫ్యాను గాలికి, మధ్యలో తెల్ల కాగితాలు పెట్టి మారుస్తూ ఆరబెట్టండి. ఆధార్ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, భూమి వివరాలు సర్కారు వెబ్‌సైట్ భూభారతిలో ఉంటాయి. పదో తరగతి మెమోకు పోగొట్టుకున్నట్టు పోలీసు కాగితం తీసుకుని బడి హెడ్‌మాస్టర్ ద్వారా దరఖాస్తు చేయాలి. చిరిగిన నోట్లు బ్యాంకులో మార్చుకోండి, కమీషన్‌కు మార్చేవాళ్లకు ఇవ్వొద్దు.

## పొలం, చేను, కొట్టం

వరి, పత్తి మునిగినయి. దున్నేయాల్నా, ఆగాల్నా?

వరి కొన్ని రోజుల మునకను ఓర్చుకుంటుంది, పత్తి ఓర్వదు. ఏదైనా మొదటి పని గండ్లు కొట్టి నీళ్లు బయటికి పంపడం. వరిలో నీళ్లు తీశాక ఎకరానికి 15 నుంచి 20 కిలోల యూరియా, 10 నుంచి 15 కిలోల పొటాష్ వేస్తే పిలకలు కోలుకుంటాయి. నీళ్లు నిలిచి ఉండగా యూరియా చల్లితే కొట్టుకుపోతుంది.

పత్తి వడలిపోయేది నీళ్లు తక్కువై కాదు, వేరుకు గాలి ఆడక. పదును రాగానే గుంటక తోలండి. లీటరు నీటికి 10 గ్రాముల 13-0-45 లేదా 19-19-19 (నీళ్లలో కరిగే ఎరువులు) కలిపి ఆకుల మీద కొట్టాలి, అప్పటికి వేర్లు ఎరువు తీసుకోలేవు. మొక్కలు వరుసగా ఎండుతుంటే లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడిసేలా పోయండి. మిరపకూ అంతే. దున్నే నిర్ణయం మాత్రం నష్టం లెక్క రాసుకున్నాకే. దున్నిన చేనులో పంట నష్టం ఎవరికీ కనిపించదు.

కోతకొచ్చిన వరి పడిపోయింది, కల్లంలో వడ్లు తడిసినయి. మొలకలు రాకుండా ఎట్ల?

2025 అక్టోబర్ చివర్లో మొంథా తుపాను వానలకు వేలమంది అడిగిన ప్రశ్న ఇది. పడిపోయిన వరి నుంచి నీళ్లు తీసి, లీటరు నీటికి 50 గ్రాముల కల్లుప్పు కరిగించి కంకుల మీద పిచికారీ చేయండి. ఉప్పు మొలకను ఆపుతుంది. తడిసిన వడ్ల కుప్పలో క్వింటాలుకు కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపితే వేడెక్కకుండా, మొలకెత్తకుండా ఉంటాయి. ఎండ రాగానే తూర్పారబట్టి ఎండబెట్టాలి. తడి వడ్లపై పరదా బిగించి కప్పి వదిలేయడమే పెద్ద తప్పు: లోపల ఆవిరి పట్టి రెండో రోజుకే మొలకలొస్తాయి, రంగు మారుతుంది. వాన ఆగినప్పుడల్లా పరదా తీసి కుప్ప తిరగేయండి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం లోపు ఉండాలి, పత్తికి 8 నుంచి 12.

పొలంలో ఇసుక మేట వేసింది.

మూడు అంగుళాల కన్నా ఎక్కువ మేట ఉంటే పూడిక తీతకు సాయం ఉంది. కర్ర గుచ్చి, పక్కన టేపు పెట్టి, నాలుగైదు చోట్ల లోతు కనిపించేలా ఫొటోలు తీయండి. జేసీబీ పెట్టేది ఆ తర్వాత. సన్న ఒండ్రు అయితే కొద్దిగా ఉన్నదాన్ని కలియదున్నితే భూమికి బలమే, ముతక ఇసుక అయితే తీయక తప్పదు.

చచ్చిన పశువులను ఏం చేయాలె?

వాగులోకి తోయొద్దు, కింది ఊరు ఆ నీళ్లే తాగుతుంది. పశువైద్యుడు చూసి ధ్రువపత్రం ఇచ్చేదాకా ఆగి, చెవి పోగు కనిపించేలా ఫొటో తీసి, బావులకు దూరంగా ఆరడుగుల గుంత తీసి సున్నం వేసి పూడ్చండి. ఆయన రాలేనంటే పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి. బతికినవాటికి గొంతువాపు, జబ్బవాపు, గొర్రెలకు చిటుక వ్యాధి టీకాలు పడ్డాయా చూసుకోండి. బూజు గడ్డి మేపొద్దు.

## లెక్క రాసుకునేటప్పుడు

సర్కారు నుంచి ఎంత వస్తది?

కేంద్రం 2022–26 కాలానికి పెట్టిన విపత్తు సాయం లెక్కలివి. మనిషి చనిపోతే 4 లక్షలు. ఇల్లు పూర్తిగా పోతే మైదాన ప్రాంతంలో 1,20,000. కొంత దెబ్బతింటే పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. గుడిసెకు 8,000, కొట్టానికి 3,000. పాడి బర్రెకో ఆవుకో 37,500, ఎద్దుకు 32,000, గొర్రె, మేకకు 4,000. పంట 33 శాతం కన్నా ఎక్కువ పోతేనే లెక్క: వర్షాధారానికి హెక్టారుకు 8,500, నీటి వసతి ఉన్నదానికి 17,000, రెండు హెక్టార్ల దాకా. మేట తీయడానికి హెక్టారుకు 18,000.

ఎకరాల్లో చూస్తే వరికి దాదాపు 6,880 మాత్రమే, పెట్టుబడిలో చిన్న భాగం. అందుకే 2024, 2025 వరదలప్పుడు రాష్ట్ర ప్రభుత్వం ఎకరానికి 10,000 ప్రకటించింది. అది ప్రతిసారీ విడిగా ప్రకటించేది, హక్కుగా ఉన్నది కాదు. సర్వేకు వచ్చే ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి), రెవెన్యూ సిబ్బంది రాసుకున్న జాబితా గ్రామ పంచాయతీలో చదివించండి. పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, ఖాతా నంబరు నాలుగూ సరిచూసుకోండి. ఖాతా నంబరులో ఒక్క అంకె తప్పి డబ్బులు ఆగిపోయినవి చాలా ఉంటాయి.

కౌలుకు చేస్తున్న. పంట నాది, పట్టా దొరది. నాకు వస్తదా?

వరద తర్వాత అందరికన్నా కింద పడేది కౌలు రైతే. విత్తనం, మందు, కూలి ఖర్చు అతనిది, డబ్బు పడేది తరచూ పట్టాదారు ఖాతాలో. ఏఈవో పంట నమోదు చేసేటప్పుడే సాగుదారుగా మీ పేరు రాయమని అడగండి. కౌలు మాట తెల్ల కాగితం మీదైనా రాసుకుని, నష్టం వస్తే సాయం ఎవరిదో అందులో ఒక వాక్యం పెట్టండి. వరద వచ్చాక అడిగితే మొహమాటం, గొడవ. ఉగాదికి కౌలు మాట్లాడుకునేటప్పుడు అడిగితే ఒప్పుకుంటారు. చేనులో మీరు నిలబడిన ఫొటో, మందుల దుకాణం రసీదులు మీ పేరు మీద ఉంచండి.

ఇంట్లో మనిషి పోయిండు. ఏ కాగితాలు కావాలె?

ఎంత కష్టమైనా పోస్టుమార్టం, పోలీసు కేసు లేకుండా అంత్యక్రియలు చేయొద్దు. విపత్తు సాయానికీ, బ్యాంకు ఖాతాలోంచి ఏడాదికి 20 రూపాయలు కట్ అయ్యే సురక్షా బీమా 2 లక్షలకూ అవే ఆధారం. నీళ్లలో మునిగినా, పాము కరిచినా ఆ బీమా వర్తిస్తుంది. చాలా ఇళ్లలో ఆ బీమా ఉన్న సంగతే తెలియదు, పాసుబుక్కులో ఆ 20 రూపాయల కోత కోసం వెతకండి. పట్టా ఉన్న 18 నుంచి 59 ఏళ్ల రైతుకు రైతుబీమా 5 లక్షలు, ఏ కారణంతో పోయినా వస్తుంది. ఈ బాధ్యత ఆ ఇంటివాళ్ల మీద వదలకుండా ఊళ్లో ఒకరు తీసుకోవాలి.

బ్యాంకు అప్పు, సంఘం కిస్తీ ఎట్ల కట్టాలె?

విపత్తు ప్రకటించిన ప్రాంతంలో పంట రుణాన్ని వాయిదాల రుణంగా మార్చే వెసులుబాటు బ్యాంకులకు ఉంది. తనంతట తాను జరుగుతుందని కూర్చోకుండా రాతపూర్వకంగా అడగండి. వడ్డీ మాఫీ కాదని కూడా తెలుసుకోండి. మహిళా సంఘాలైతే వీవో (గ్రామ సమాఖ్య) తీర్మానంతో బ్యాంకుకు వెళ్లడం మంచిది. ప్రైవేటు ఫైనాన్స్ వాళ్ల కిస్తీ కోసం కొత్త చేబదులు తీసుకోవడంతోనే చాలా కుటుంబాలు కూలికి వలస పోవాల్సి వస్తుంది.

## ఊరు మళ్లీ నిలబడేటప్పుడు

మబ్బు పడితే చాలు పిల్లలు వణుకుతున్నరు. పెద్దోళ్లకూ నిద్ర లేదు.

కొన్ని వారాలు ఇది సహజం. పిల్లలను త్వరగా బడికి పంపండి, రోజువారీ క్రమం వాళ్లకు ధైర్యం ఇస్తుంది. "భయపడకు" అనే కన్నా "మళ్లీ వస్తే మనం బడి డాబా మీదికి పోతం" అని దారి చూపిస్తే కుదుటపడతారు. నెల దాటినా నిద్ర లేకపోయినా, తాగుడు పెరిగినా, "నేనెందుకు బతికిన" అనే మాట వచ్చినా 14416కు ఫోన్ చేయండి. అది టెలిమానస్, మనసు బాధలకు సర్కారు ఫోన్ సేవ, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. ఆ మనిషిని ఒంటరిగా ఉంచొద్దు, ఇంట్లో పురుగుమందు డబ్బాలు దూరంగా పెట్టండి.

సాయం పంపుతం. ఏం పంపాలె?

పాత బట్టలు వద్దు. అవి బడి వరండాల్లో కుప్పపడి తడుస్తాయి. మొదటి మూడు రోజులు వండిన అన్నం, తాగే నీళ్లు. తర్వాత కావాల్సినవి ఎవరూ తేనివి: పరదాలు, పారలు, బకెట్లు, దోమతెరలు, శానిటరీ ప్యాడ్లు, కొత్త లోదుస్తులు, వంట గిన్నెలు, ఎండుగడ్డి, నోటు పుస్తకాలు. బయలుదేరే ముందు సర్పంచ్‌కో కార్యదర్శికో ఫోన్ చేసి అడగండి. రోడ్డు పక్క ఊరికి పది బండ్లు వచ్చి, వాగు అవతలి గూడేనికి ఒక్కటీ పోదు. ఆ గూడెం పేరు పట్టుకుని అడగండి.

ఊరునే మెరకకు మారుస్తమంటున్నరు. ఒప్పుకోవాల్నా?

ప్రాణాల లెక్కలో మంచిదే. కానీ కొత్త చోటు పొలాలకు దూరమైతే జనం సగం రోజులు పాత ఇంట్లోనే ఉంటారు, వరద వచ్చేది ఆ రోజే కావచ్చు. సంతకం పెట్టే ముందు అడగాల్సినవి: పట్టా ఎవరి పేరు మీద, ఆడవాళ్ల పేరు ఉందా, కొట్టానికి జాగా ఉందా, నీళ్లు, రోడ్డు ఇళ్లకు ముందా తర్వాతా, పెద్దయిన కొడుకులకు వేరే ఇల్లు లెక్కిస్తారా. గ్రామసభ తీర్మానంలో ఇవన్నీ రాయించండి.

వరంగల్, హనుమకొండ కాలనీలు ప్రతిసారి ఎందుకు మునుగుతున్నయి? ఇల్లు కొనేముందు ఏం చూడాలె?

ఈ నగరం చెరువుల గొలుసు మధ్య పెరిగింది. వడ్డేపల్లి, భద్రకాళి లాంటి చెరువుల నీళ్లు, చుట్టుపక్కల వాన నీళ్లు పోవాల్సిన నాలాలు ఇళ్లతో ఇరుకయ్యాయి. నయీంనగర్ నాలా నిండితే పక్క కాలనీలు, బొందివాగు పొంగితే హంటర్‌రోడ్డు, ఎన్టీఆర్‌నగర్, సంతోషిమాత కాలనీ మునుగుతాయి. 2023 జూలైలో పోతననగర్ వైపు భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది.

కొనేముందు సాగునీటి శాఖ దగ్గర చెరువు పూర్తి నీటిమట్టం గీత, బఫర్ హద్దు (దాని చుట్టూ ఇళ్లు కట్టకూడని జాగా) పటం మీద చూపించమనండి, అమ్మేవాడి మాట, లేఅవుట్ బొమ్మ చాలవు. పక్కిళ్ల గోడల మీద పాత నీటి మరకలు చూడండి, కిరాణా కొట్టు ఆయనను 2020లో, 2023లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అడగండి. వానాకాలంలో ఒకసారి పోయి చూడకుండా బయానా ఇవ్వొద్దు. ఇప్పటికే కట్టుకుని ఉంటే మీటరు, స్విచ్ బోర్డులు పాత నీటి గీతకు కనీసం రెండడుగుల పైకి మార్పించండి, సంపు మూతకు నీళ్లు చొరబడని బిగింపు పెట్టించండి, డ్రైనేజీ వెనక్కి తన్నకుండా పైపుకు ఒకవైపే తెరుచుకునే వాల్వు వేయించండి.